అప్పుడు పొదుపు వచ్చి తలుపు కొట్టేది

ఒరే అబ్బయ్యా, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి ఇటు చూడు. పెట్టవని తెలుసు. చెప్పడం నా అలవాటు, వినకపోవడం మీ అలవాటు, రెండూ ఇక మారేవి కావు. అయినా చెప్తా. చింతామణి బస్టాండు పక్కన అరుగు మీద నాతో కూర్చునే ముసలోళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయినారు, ఉన్నోళ్ళకి చెవులు సరిగా వినపడవు. ఇక మిగిలింది నువ్వే.

మా మనవరాలికి బెంగళూరులో ఉద్యోగం. మొన్న సంక్రాంతికి వచ్చి, "తాతా, ఈ ఏడు నుంచి బడ్జెట్ వేసుకుని బతుకుతున్నా" అని ఫోనులో ఒక రంగుల చక్రం చూపించింది. తిండికి ఒక రంగు, తిరుగుళ్ళకి ఒక రంగు, బట్టలకి ఒక రంగు. చూసేదానికి బాగానే ఉంది. ఇది జపానోళ్ళ పద్ధతంట. హాని మోతోకో అని ఒక పత్రికల ఆమె 1904లోనే ఇంటి లెక్కల పుస్తకం వేసిందంట, దాన్ని కకేబో అంటారంట. చేతికి ఎంత వచ్చింది, ఎంత దాచాల, ఎంత ఖర్చయింది, వచ్చే నెల ఇంకా బాగా ఎట్ల చేయాల అని నాలుగు ప్రశ్నలు నెల నెలా వేసుకోవాలంట. "ఆ యమ్మ మంచి మనిషే. మా అమ్మ కూడా ఈ నాలుగు ప్రశ్నలూ అడిగేది, కాకపోతే తనని తాను కాదు, మా నాయనని" అన్నా. అది పడీ పడీ నవ్వింది. ఆ చక్రం చూపించే యాప్‌కి ఏడాదికి ఎంత కడుతున్నావమ్మా అని అడిగితే మాత్రం, "తాతా, అవ్వ పిలుస్తాంది" అని లోపలికి పోయింది. ఖర్చు తగ్గించుకునేదానికి కూడా చందా కట్టే కాలం వచ్చింది చూడు.

మా అమ్మకి చదువు రాదు. లెక్కంతా వంటింటి గోడ మీదే. పాలు పోసే ఆమెకి ఒక వరుసలో బొగ్గు గీతలు, అంగట్లో అరువుకి ఇంకో వరుస, పక్కింటికి బదులిచ్చిన రాగులకి తలుపు వెనకాల రహస్యంగా మూడో వరుస. గోడకి సున్నం కొట్టేది ఏడాదికి ఒకసారి, ఉగాది ముందర. బాకీ తీరకుండా ఆ గీతల మీద సున్నం కొట్టకూడదని ఆమె పట్టు. అందుకని ఫాల్గుణం వచ్చిందంటే మా నాయన ముఖం చిన్నబోయేది. ఒక ఏడు ఒక మూల సున్నం పడకుండా అట్లే ఉండిపోయింది. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ మూల చూసి, ఏం అడగకుండా, కాఫీ కూడా వద్దని లేచిపోయినారు. మీ చక్రానికి అంత మర్యాద ఉందా?

నా సంగతి చెప్పలేదు కదా. నేను బతికిందంతా పిగ్మీ వసూలు మీద. పిగ్మీ అంటే ఏందని మీ తరంలో చాలామంది అడుగుతారు, అందుకే కొంచెం వెనక్కి పోవాల. 1925లో ఉడిపిలో డాక్టరు టి.ఎం.ఎ. పై, ఆయన అన్న ఉపేంద్ర పై, ఇంజనీరు వామన కుడ్వ కలిసి ఒక బ్యాంకు పెట్టినారు, మగ్గాలు దెబ్బతిని కష్టాల్లో ఉన్న నేతపనోళ్ళకి ఆసరా కావాలని. తర్వాత కాలంలో అదే సిండికేట్ బ్యాంకు అయింది. 1928లో వాళ్ళు ఈ పిగ్మీ తెచ్చినారు. రోజుకి రెండణాలు ఇచ్చినా చాలు, నువ్వు బ్యాంకు మెట్లు ఎక్కే పని లేదు, మా మనిషే నీ వాకిట్లోకి వస్తాడు, ఇదీ కట్టుబాటు. ఆ పద్ధతి కర్ణాటకంతా పాకింది, ఇంకా ఎన్నో బ్యాంకులూ సొసైటీలూ అదే దారి పట్టినాయి. ఆ సిండికేట్ బ్యాంకునే 2020లో కెనరా బ్యాంకులో కలిపేసినారు. మా పక్క ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పట్టుదల మీద 1913లో పుట్టిన మైసూరు బ్యాంకుని కూడా అంతకు మూడేండ్ల ముందే స్టేట్ బ్యాంకులో కలిపినారు. నాకు తెలిసిన పేర్లన్నీ ఇట్ల ఒకదాంట్లో ఒకటి మునిగిపోతున్నాయి. బాగేపల్లిని కూడా భాగ్యనగర అని మారుస్తామని 2025లో నంది కొండ మీద మంత్రులంతా కూర్చుని తీర్మానం చేసినారు. నేను పుట్టింది బాగేపల్లి పక్క పల్లెలో, పుట్టినప్పుడు భాగ్యం ఏమీ కనపడలేదు. యాడికో పోయినా. పిగ్మీకి వస్తా.

సాయంత్రం ఎండ తగ్గినాక సైకిలు తీసుకుని ఆజాద్ చౌకు నుంచి చేళూరు రోడ్డు దాకా అంగడి అంగడికీ తిరిగేవాణ్ణి. మంగలి అంగడి, గాజుల అంగడి, సోడా అంగడి, బజ్జీల బండి, బొరుగులు అమ్మే ఆయన, పూలు కట్టే ఆమె. ఒకరు రూపాయి, ఒకరు రెండు, బాగా జరిగిన రోజు అయిదు. కార్డు మీద తారీకు వేసి, మొత్తం రాసి, పొట్టి సంతకం పెట్టి ఇచ్చేవాణ్ణి. పూలామె ఇచ్చే నోట్లు ఎప్పుడూ తడిగా ఉండేవి, వాటిని విడిగా జేబులో పెట్టుకునేవాణ్ణి, బ్యాంకులో కట్టేటప్పుడు కౌంటరు ఆయన వాసన చూసి, "పూలామె దుడ్లు వచ్చినాయా" అనేవాడు. బోణీ కాలేదు రేపు రా అన్నా అనే మనిషి దగ్గర నేనేం దబాయించను. నిలబడతా. సైకిలు స్టాండు వేస్తా. పెద్దమ్మాయి ఇప్పుడు ఎన్నో క్లాసు అని అడుగుతా. అంతే, గల్లా పెట్టె తెరుచుకుంటుంది.

ఆ రూపాయి రూపాయితో ఏమేం అయినాయో నా కళ్ళతో చూసినా. కుట్టు మిషను వచ్చింది ఒకరికి. ఇంటి మీద బోద తీసి రేకులు వేసుకున్నారు ఒకరు. మంగలి అన్న కొడుకు కాలేజీ ఫీజు కట్టినాడు, వాడు ఇప్పుడు నన్ను చూసి కారు అద్దం దించి పలకరిస్తాడు, ఆపడు, దించుతాడు. దాంట్లో నా గొప్ప ఏమీ లేదు, నాకు నూటికి ఇంతని కమిషను. వాళ్ళు దాచకపోతే నా ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. మనిషికి దాచే బుద్ధి పుట్టుకతో రాదు. రోజూ సాయంత్రం ఒకడు వచ్చి వాకిట్లో నిలబడితే వస్తుంది.

ఇదే నీకు చెప్పాలని కూర్చుండేది. మా రోజుల్లో పొదుపు వచ్చి తలుపు కొట్టేది. ఖర్చు పెట్టాలంటే మనమే చెప్పులు తొడుక్కుని పోవాల. ఇప్పుడు తలకిందులైపోయింది. ఖర్చు సంచి తగిలించుకుని మెట్లెక్కి వస్తాంది, అప్పు మోటారు సైకిలు మీద వస్తాంది, దాచాలంటే మాత్రం నువ్వే వేలిముద్ర వేసి, పాస్‌వర్డు గుర్తు తెచ్చుకుని, ఓటీపీ కోసం కాచుకుని, నానా తంటాలు పడాల. ఏ మనిషి దాస్తాడు?

ఖర్చుకి ఎంత దూరం పోవాల్సి వచ్చేదో విను. మాకు చిన్న గేజి రైలు ఉండేది. చిక్కబళ్ళాపురం నుంచి శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం మీదుగా కోలారుకి. అది నడిచే తీరు చూస్తే ఎవరికైనా ఓర్పు వచ్చేది. 2013లో పెద్ద గేజి చేసినారు, మంచిదే, కాదనను. కాని ఆ పాత రైల్లో కోలారుకి చీర కొనేదానికి బయలుదేరిన మనిషి, శ్రీనివాసపురం వచ్చేసరికి, ఉన్న చీరే ఇంకో ఏడు వస్తుందిలే అనుకునేది. కోరికకి నడిచే దూరం పెడితే సగం కోరికలు దారిలోనే కూలబడతాయి. ఇప్పుడు రాత్రి పదకొండు గంటలకి పడుకుని బొటనవేలు ఆడిస్తే పొద్దునకి గుమ్మం ముందర డబ్బా. దాన్లో ఏముందో కొన్నవాడికే గుర్తుండదు. మా వీధిలో ఒకాయన ఇంటికి వచ్చిన డబ్బాలు మడిచి గుజిరీకి వేసి నెలకి కూరగాయల ఖర్చు రాబడతాడు. వాడొక్కడే ఈ వీధిలో బడ్జెట్ తెలిసినవాడు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. నీ మోకాలికి కట్టుకున్న ఆ పట్టీ యాడిది తాతా అని. అదీ డబ్బాలోనే వచ్చింది. తెచ్చిన పిల్లవాడు పాపం ఎండలో వచ్చినాడని మజ్జిగ ఇచ్చినాము. నేను చెప్పేది వాడి గురించి కాదు.

తిండి సంగతి. పొద్దున సద్ది, అంటే రాత్రి మిగిలిన రాగి సంగటి మజ్జిగలో పిసికి, ఉల్లిగడ్డ ముక్క కొరుక్కుని. మధ్యాహ్నం ముద్ద, ఉప్పుసారు. రాత్రి ముద్ద, ఉప్పుసారు. వాన పడితే చేనిగట్టున గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు, ఊరికే దొరికేవి, దుడ్లు లేవు, అడిగేవాడు లేడు. మార్గశిరం దాటితే అనపకాయలు. ఇల్లంతా కూర్చుని గింజలు నానబెట్టి తోలు పిండి, పితికిపప్పు సారు పెడితే వీధి వీధంతా వాసన. రాగులు కోసినాక తిండికి కావాల్సింది గుమ్మికి, మిగిలింది పాతరకి. భూమిలో తవ్విన గొయ్యి అది, లోపల గడ్డి పరిచి రాగులు పోసి పైన మన్ను కప్పితే ఏండ్ల తరబడి పురుగు పట్టదు. రాగికి ఆ గుణం ఉంది, వడ్లకి లేదు. వానలు ఎగ్గొట్టిన ఏడు పాతర తెరిచేవాళ్ళు. తెరిచిన వెంటనే దిగకూడదు, లోపలి గాలి చెడ్డది, దీపం దించి చూసి దిగాల. మా ఊర్లో ఎవరి ఇంట్లో పెళ్ళి మాటలు నడిచినా మొదట అడిగేది పాతర ఉందా అనే. పిల్లవాడి జీతం తర్వాత.

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది. మా ఇంట్లో ప్రతి సంవత్సరమూ అదే. వరన్నం పండక్కి, పెళ్ళికి, జ్వరానికి. నిజం చెప్పాలంటే, వరన్నం కోసం నేను ఒకసారి జ్వరం వచ్చినట్టు మూలిగినా. బెంగళూరు నుంచి శని, ఆదివారాల్లో నంది కొండకీ ఈషా ఆదియోగికీ వచ్చే కార్లు దారిలో ఆగి, రాగి ముద్దని ఫొటో తీసి, వేలితో గిల్లి, చెంచా అడిగి తింటాయి. ముద్దని నమలకూడదు, మింగాల, అది చెప్పే నాథుడు లేడు. మేము గత్యంతరం లేక తిన్నదాన్ని మీరు దుడ్లు పోసి తింటున్నారు. దాంట్లో మాకు గర్వపడాలో ఏడవాలో తెలియడం లేదు. ఆ ముద్ద తిన్నందుకే మాకు షుగరు రాలేదని చెప్పేవాణ్ణి ఇన్నాళ్ళూ. పోయిన ఏడు వచ్చింది.

1965లో యుద్ధం, కరువు, అమెరికా గోధుమలు, అంతా ఒక్కసారి. లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికి ఒక పూట తిండి మానుకోండని దేశాన్ని అడిగినారు. ఊర్లో మా మాస్టరు ఆ మాట చదివి వినిపిస్తే అందరమూ చేతులెత్తి ఒప్పుకున్నాము. ఇంటికి వచ్చి మా అమ్మకి చెప్తే, "ఆ పెద్దాయన మన ఇంటికి ఎప్పుడు వచ్చి చూసి పోయినాడు? మనం మొదలుపెట్టి చాన్నాళ్ళయింది" అనింది. అది ఎగతాళి కాదు. ఆమెకి ఆ మనిషి మీద ఆ రోజు నుంచి గురి కుదిరింది, పోయినప్పుడు నిజంగా ఏడ్చింది.

ఈ పక్క రైతు ఇంటి బడ్జెట్ బెంగళూరు జీతగాడి బడ్జెట్ లాంటిది కాదు, ఆ సంగతి నా మనవరాలి చక్రానికి తెలియదు. దానికి ప్రతి నెల ఒకటో తారీకు ఉంటుంది. మా టమోటా రైతుకి ఒకటో తారీకు ఎప్పుడు వస్తుందో దేవుడికే తెలియదు. 2023 జూలైలో పదిహేను కిలోల బాక్సు రెండు వేలు దాటింది, కోలారు మార్కెట్టులో రైతులు నేల మీద నడవలేదు. అదే టమోటాని ఇంకో సీజనులో కోతకూలి కూడా రాదని రోడ్డు పక్కన పారబోసిపోతారు. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టులో కూడా అంతే, పురుగుని నెల్నాళ్ళు బిడ్డ కన్నా ఎక్కువగా చూసుకుని, ఆకు కోసి, రాత్రుళ్ళు లేచి, గూళ్ళు తీసుకుపోతే, ఆ పూట వేలంలో వచ్చిందే రేటు. ఇట్లాంటి రాబడికి నెల బడ్జెట్ ఏమి, చక్రం ఏమి! అందుకని పాతకాలపు ఆడవాళ్ళు ఒక లెక్క పెట్టుకున్నారు. మంచి పంట వచ్చిందని ఇంట్లో ఎవరికీ చెప్పరు. ధర బాగా వచ్చిన రోజు కూడా అదే ఉప్పుసారు. మా నాయన ఒకసారి వేరుశెనక్కాయలకి మంచి రేటు వచ్చిందని సంతలో మైసూరుపాకు కొనుక్కొచ్చినాడు. మా అమ్మ అది తిన్నది, బాగుందని కూడా అనింది, తర్వాత వారం రోజులు మాట్లాడలేదు. అదే 2023లో బాక్సు రెండు వేలకి అమ్మిన పిల్లవాడు ఒకడు మా వీధిలో కొత్త బండి కొన్నాడు, దాని కంతు ఇప్పటికీ కడుతున్నాడు, టమోటా మాత్రం ఆ రేటుకి మళ్ళీ రాలేదు.

కంతు అనే మాట వచ్చింది కాబట్టి ఆ కథా చెప్పేస్తా. నేను తిరిగిన వీధుల్లోనే ఇప్పుడు వేరే పిల్లలు తిరుగుతున్నారు. నా లాగానే బ్యాగు, నా లాగానే కార్డు. నేను తీసుకున్నది అంగడోళ్ళ సొంత దుడ్లు, ఏడాది తర్వాత వడ్డీతో తిరిగిచ్చేదానికి. వీళ్ళు తీసుకునేది ఇచ్చిన అప్పుకి వారం కంతు. పదిమంది ఆడవాళ్ళని ఒక సంఘంగా కూర్చోబెట్టి, ఒకరు కట్టకపోతే మిగిలినవాళ్ళ ముందర నిలబెట్టి. ఒక కంపెనీ కంతు కట్టేదానికి ఇంకో కంపెనీలో అప్పు, దాన్ని కట్టేదానికి మీటరు వడ్డీ. తెలుగు రాష్ట్రంలో 2010లో ఇదే గోల జరిగింది, ప్రాణాలు పోయినాయి, ఆర్డినెన్సు తెచ్చినారు. మనవాళ్ళు పక్క ఇంట్లో నిప్పు చూసి కూడా నేర్చుకోలేదు. 2025 ఫిబ్రవరిలో కర్ణాటకలో కూడా, బలవంతపు వసూళ్ళకి అడ్డం వేస్తూ ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది, ఇండ్లకి తాళాలు వేసుకుని రాత్రికి రాత్రి పోయిన కుటుంబాల సంగతి పేపర్లలో వచ్చినాక. 1959లో 'అప్పు చేసి పప్పుకూడు' బొమ్మ వచ్చినప్పుడు టెంటులో నేల మీద కూర్చుని ఊరంతా నవ్వినాము. పేరులోనే అంతా చెప్పినారు, మనం పాటలు మాత్రం గుర్తు పెట్టుకున్నాము.

అంగడి ముందర ఆ డబ్బా పెట్టినారు చూడు, స్కాను చేస్తే ఇన్ని రూపాయలు వచ్చినాయి అని అరుస్తుంది. వచ్చింది మాత్రమే అరుస్తుంది. ఇచ్చినవాడి జేబులో ఇంకెంత మిగిలిందో అది కూడా అరిస్తే ఈ దేశం బాగుపడును. చేతిలో పది నోటు ఉంటే అది మురికైనా, చినిగినా, ఇచ్చేటప్పుడు ఒకసారి చూస్తావు. గాంధీ తాత కూడా నిన్ను చూస్తాడు. ఫోనులో ఎవరు ఎవరిని చూస్తారు?

పెద్దవాళ్ళ ముచ్చట ఒకటి. విశ్వేశ్వరయ్యగారు సర్కారు పని చేసేటప్పుడు సర్కారు కొవ్వొత్తి, సొంత జాబు రాసుకునేటప్పుడు సొంత కొవ్వొత్తి వెలిగించేవారని మా పక్క ప్రతి బడిలోనూ చెప్తారు. నిజంగా జరిగిందో, అయ్యవార్లు కల్పించినారో, కాని ఆయన నూరేండ్లు దాటి 1962 దాకా బతికినారు, అది మాత్రం నిజం. నా మనసుకి ఇంకా దగ్గర మనిషి గౌరీబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన ఎచ్. నరసింహయ్యగారు. చదువు కోసం బస్సు ఛార్జీ లేక బెంగళూరుకి నడిచిపోయిన పిల్లవాడు. అమెరికాలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకుని వచ్చి, బెంగళూరు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలరు అయి, 1984లో పద్మభూషణ్ కూడా తీసుకుని, ఉండింది మాత్రం బసవనగుడి నేషనల్ కాలేజీ హాస్టలు గదిలో. పెళ్ళి లేదు, ఇల్లు లేదు, ఖద్దరు బట్ట. మా బాగేపల్లిలో, గౌరీబిదనూరులో నేషనల్ కాలేజీలు నిలబడినాయంటే ఆయన చలవ. తనకి ఖర్చు పెట్టుకోని మనిషి ఖర్చు పెట్టింది యాడనో చూడు. పొదుపంటే పిసినారితనం అనుకునే మా వీధి షావుకారుకి ఈ కథ చాలాసార్లు చెప్పినా. విన్నాడు, కాఫీ బిల్లు నా చేత కట్టించినాడు.

అది సరే, నీ ఇంట్లో పొదుపు ఎంత తాతా అని అడుగుతావు. 2016 నవంబరు 8 రాత్రి టీవీలో అయిదు వందల, వెయ్యి నోట్లు చెల్లవని చెప్పినారు. నేను నిమ్మళంగా పడుకున్నా, దాచినవాడికి కదా బాధ. అర్ధరాత్రి మా ఇంటామె లేచి దీపం వేసింది. రాగుల డబ్బాలో నుంచి, పాత చీర మడతల్లో నుంచి, దేవుడి పటం వెనకాల నుంచి నోట్లు తీసి నా ముందర పెట్టింది. లెక్క పెట్టేదానికి నాకు చేతులు వణికినాయి. ఊరందరి చేత పిగ్మీ కట్టించిన నాకు నా ఇంట్లోనే ఒక బ్యాంకు నడుస్తాందని తెలియదు. "నాకెందుకు చెప్పలేదు?" అంటే, "చెప్తే కమిషను తీసుకుంటావు" అనింది. బ్యాంకులు తెరిచినాక వాటి ముందర వరుసలో ఎండలో నిలబడింది మాత్రం నేను.

ఇప్పుడు ఆమె ఇంకా పెద్ద షావుకారు. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకి సర్కారు బస్సు ఉచితం. నెలకి రెండు వేలు గృహలక్ష్మి, వచ్చినప్పుడు వస్తుంది, రానప్పుడు రాదు. కైవారం తాతయ్య గుడికి, మురుగమల్ల దర్గాకి, బాగేపల్లిలో చెల్లెలి ఇంటికి, ఎప్పుడు చూసినా బస్సులోనే. ఉచితంగా ఇస్తే జనం సోమరిపోతులు అవుతారని నేను అరుగు మీద గట్టిగా ఉపన్యాసం ఇచ్చినా. ఆమె వెంట పోతే కండక్టరు నా దగ్గర టికెట్టు తీసుకుని, ఆమెకి సున్నా టికెట్టు ఇస్తాడు. దాన్ని ఆమె మడిచి పర్సులో పెట్టుకుంటుంది, జాగ్రత్తగా, అదేదో పట్టా అయినట్టు. పైగా ఆ మిగిలిన ఛార్జీ దుడ్లు వేరే డబ్బాలో వేస్తాంది. పెళ్ళయినప్పటి నుంచి బయట ఊరికి పోవాలంటే నన్ను అడిగి, నేను లెక్క చూసి, వద్దులే అంటే ఆగిపోయిన మనిషి. మా రోజులు బాగుండేవని నేను అంటే ఆమె ఎన్నడూ ఔననదు. దాని సంగతి నేను ఎక్కువ తవ్వను.

మా పొదుపు చాలా వరకు ఆమె ఒంటి మీద చేసిన పొదుపే, ఒప్పుకుంటా. చివర తిని, చివర పడుకుని, చిరిగిన చీర అతుకు పైకి రాకుండా కుచ్చిళ్ళలో దాచి కట్టుకున్నది ఆమె. నేను చేసిన పొదుపు ఏందంటే బీడీ మానేసినా, అదీ డాక్టరు తిట్టినాక. అయినా ఒక మాట మీద నిలబడతా. మాకు రాత్రిపూట నిద్ర పట్టేది. ఎవరో ఫోను చేసి కంతు అడుగుతారనే భయం లేదు, ఎవరి ఇంట్లో ఏమి కొన్నారో పొద్దున లేస్తే బొమ్మల్లో చూడాల్సిన పని లేదు. పక్కింటోడు రేడియో కొంటే ఊరంతా వాడి ఇంటి ముందర చేరి విన్నాము, ఇంటికి ఒకటి కొనుక్కోలేదు.

నాలుగు ప్రశ్నల కకేబో మంచిదే అమ్మాయీ, వేసుకో. చందా మాత్రం ఆపేసి, రెండు రూపాయల పెన్సిలుతో పాత క్యాలెండరు వెనకాల వేసుకో. ఒరే అబ్బయ్యా, నీకు ఒక్కటే పని చెప్తా. ఏదైనా కొనాలని వేలు ఆడినప్పుడు, దాని రేటు ఒక చీటీ మీద రాసి తలుపుకి అతికించి, మరుసటి సంత దాకా ఆగు. అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కో, నేనేం అనను. అనిపించకపోతే ఆ దుడ్లలో ఒక పది రూపాయలు మీ అవ్వ చేతికి ఇవ్వు. యాడ పెడతావని మాత్రం అడగొద్దు.